కమారిన్‌స్కయా దగ్గర మొదలుపెట్టండి: రష్యన్ ఆర్కెస్ట్రాలో పల్లెపాట చేసిన పని

మీరు అడిగినవి మూడు. 19వ శతాబ్దపు రష్యన్ స్వరకర్తలు జానపద గీతాల్ని ఆర్కెస్ట్రాలోకి తెచ్చారు కాబట్టే వాళ్ళ సంగీతం రష్యన్ అయిందా? 'ఆ ఐదుగురు' (బాలకిరెవ్, క్యుయి, బొరొదిన్, ముసోర్గ్‌స్కీ, రిమ్‌స్కీ-కోర్సకోవ్ అనే స్వరకర్తల గుంపు) అసలైన జాతీయవాదులు, చైకోవ్‌స్కీ మాత్రం పాశ్చాత్యుల పక్షం అని మీరు చూసిన వీడియోలో చెప్పింది నిజమేనా? కొత్తగా వినేవాళ్ళు ఏది ముందు వినాలి? నేను చాలాకాలం ఆర్కెస్ట్రాలో వయోలిన్ వాయించాను. ఈ రచనల్లో కొన్నింటిని మధ్యలో కూర్చుని, చుట్టూ ఎవరు ఏం వాయిస్తున్నారో వింటూ నేర్చుకున్నాను. కాబట్టి కాస్త ఆ వైపు నుంచే చెబుతాను. సమాధానం పెద్దదే అవుతుంది. శీర్షికలోని కమారిన్‌స్కయా గ్లింకా రాసిన చిన్న ఆర్కెస్ట్రా రచన, దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

పల్లెపాట వరసను ఎత్తుకోవడం అన్నది అంత పెద్ద విషయం కాదు. ఆ పని బీథోవెన్ కూడా చేశాడు. 1790లో ల్వోవ్, ప్రాచ్ అనే ఇద్దరు కలిసి రష్యన్ పాటల సంకలనం ఒకటి అచ్చు వేశారు. వియన్నాలో రష్యా రాయబారిగా ఉన్న రజుమోవ్‌స్కీ కోరిక మీద 1806లో బీథోవెన్ మూడు క్వార్టెట్లు (నాలుగు తంత్రివాద్యాల రచనలు) రాసినప్పుడు, మొదటి రెండింటిలో ఆ సంకలనంలోని పాటలు వాడాడు. రెండో క్వార్టెట్‌లో వాడినది 'స్లావా' అనే పాత కీర్తన. వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) ఆ వరసను ఎత్తుకోగానే మిగతా వాద్యాలు ఒకదాని వెనక ఒకటి తరుముకుంటూ వస్తాయి. అదే పాటను సుమారు 60 ఏళ్ళ తర్వాత ముసోర్గ్‌స్కీ 'బొరీస్ గొదునోవ్' ఒపెరాలో పట్టాభిషేక ఘట్టానికి పెట్టుకున్నాడు. రెండూ వెంటవెంటనే విని చూడండి. స్వరాలు అవే. బీథోవెన్ దగ్గర అది వియన్నా సంగీతం, ముసోర్గ్‌స్కీ దగ్గర మాస్కో కోట లోపలి మైదానంలో నిలబడిన జనం.

అంటే తేడా పాటలో లేదు. పాట లొంగనప్పుడు స్వరకర్త ఏం చేశాడన్న దగ్గర ఉంది. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి కీలకం ఇదే.

లొంగకపోవడం అంటే ఏమిటో చెప్పాలి. జర్మన్ సింఫనీ, అంటే ఆర్కెస్ట్రాకు రాసే పెద్ద రచన, నడిచేది ముక్కల మీద. బీథోవెన్ అయిదో సింఫనీ మొదట్లోని నాలుగు స్వరాలు గుర్తు తెచ్చుకోండి. అదసలు పాట కాదు, చిన్న తునక. దాన్ని తిప్పవచ్చు, పైకి కిందికి జరపవచ్చు, పొడుగు చెయ్యవచ్చు, ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి మోసుకుపోవచ్చు. అలా పోతూ పోతూ పెద్ద కట్టడం లేస్తుంది. పల్లెపాట అలా కాదు, అది ముందే పూర్తయి ఉంటుంది. మొదలూ తుదీ ఉన్నాయి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా అందులోనే ఉంది. ముక్కలు చేస్తే పాట పోతుంది, చెయ్యకపోతే సింఫనీ ముందుకు కదలదు. రష్యన్ స్వరకర్తలందరూ ఈ ఇరుకులో పడ్డవాళ్ళే.

మొదటి దారి మిఖాయిల్ గ్లింకా చూపించాడు. స్మొలెన్‌స్క్ ప్రాంతంలో జమీందారీ కుటుంబం. చిన్నప్పుడు అతను రష్యన్ పాటలు విన్నది ఎక్కువగా మేనమామ వాద్యబృందం దగ్గర. భోజనాల వేళ గాలివాద్యాల మీద ఆ పాటలు వాయించేవారని, తర్వాతి రోజుల్లో తాను జానపద సంగీతం వైపు మళ్ళడానికి బహుశా అదే మొదటి కారణమని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ వాయించేవాళ్ళు సెర్ఫులు. భూమితో పాటు యజమాని ఆస్తిగా లెక్కకు వచ్చే మనుషులు. సెర్ఫుల విముక్తి జరిగింది 1861లో, గ్లింకా చనిపోయిన నాలుగేళ్ళకు. 'ప్రజల పాట' అని ఆ శతాబ్దంలో ఎవరు గర్వంగా చెప్పినా, ఆ పాట దొరగారి భోజనాల గదిలోకి ఎలా వచ్చిందన్నది నేను మర్చిపోలేను. మీరూ మర్చిపోవద్దని కోరుతున్నాను.

గ్లింకా ఇటలీ తిరిగాడు, బెర్లిన్‌లో జిగ్‌ఫ్రీడ్ డేన్ దగ్గర హార్మనీ (స్వరాల్ని కలిపి మోగించడం), కౌంటర్‌పాయింట్ (వేర్వేరు వరసల్ని ఒకేసారి అల్లడం) చదువుకున్నాడు. 1836లో 'జార్ కోసం ప్రాణం' ఒపెరాతో పేరొచ్చింది. అందులో ఇవాన్ సుసానిన్ అనే రైతు జార్‌ను కాపాడటానికి పోలిష్ సేనను అడవిలోకి దారి తప్పించి ప్రాణం ఇస్తాడు. విద్యామంత్రి ఉవారోవ్ 1833 నుంచి చెబుతూ వచ్చిన 'సనాతన క్రైస్తవం, ఏకచ్ఛత్రాధిపత్యం, జాతీయత' అనే ప్రభుత్వ నినాదానికి అంతకంటే సరిపోయే కథ ఉండదు. కాబట్టి రష్యన్ సంగీతంలో జాతీయవాదం అనగానే తిరుగుబాటు అనుకోకండి. అది మొదలైంది రాజాస్థానం అండతోనే.

ఇక అసలు సంగతి, 'కమారిన్‌స్కయా'. 1848లో వార్సాలో రాశాడు. ఏడు నిమిషాలకు అటూ ఇటూగా ఉండే చిన్న రచన. రెండు పాటలు. ఒకటి 'కొండల వెనక, ఎత్తయిన కొండల వెనక' అంటూ సాగే పెళ్ళిపాట. విలంబ నడక, తంత్రివాద్యాలన్నీ తోడు లేకుండా ఒకే స్వరంగా ఎత్తుకుంటాయి. రెండోది కమారిన్‌స్కయా అనే నాట్యం వరస. బలలైకా అనే రష్యన్ తంత్రివాద్యం మీద ఆగకుండా తిప్పితిప్పి వాయించే రకం. మూడు బార్‌ల (తాళం కొలతల) ముక్క, అంతే. గ్లింకా ఆ ముక్కను 70 సార్లకు పైగా తిప్పుతాడు.

ఇన్నిసార్లు వింటే విసుగు పుట్టాలి. పుట్టదు, ఎందుకంటే ప్రతిసారీ చుట్టూ ఉన్నది మారిపోతుంది. మొదట వయోలిన్లు ఒంటరిగా వస్తాయి. తర్వాత కింద ఇంకో వరస చేరుతుంది. తర్వాత గాలివాద్యాలు అందుకుంటాయి. తంత్రివాద్యాల మీద విల్లు పక్కన పెట్టి వేళ్ళతో మీటుతుంటే బలలైకాలు మోగుతున్నట్టే ఉంటుంది. కర్ణాటక కచేరీ విన్నవాళ్ళకు దీన్ని ఒక పోలికతో చెప్పవచ్చు. పల్లవికి సంగతులు వేసేటప్పుడు శ్రుతి, తాళం కదలవు, పాట వరస కొత్త వంపులు తిరుగుతుంది. గ్లింకా దీన్ని తిరగేశాడు. పాట కదలదు, దాని చుట్టూ ఉన్న లోకం కదులుతుంది. పాటను ముక్కలు చెయ్యకుండానే రచన ముందుకు పోయింది.

ఇంకొకటి కూడా చేశాడు. పెళ్ళిపాట, నాట్యం వరస పైకి ఏ సంబంధమూ లేనివి. కానీ వాటి స్వరాల మధ్య లోపల చుట్టరికం ఉందని గ్లింకా చెవికి తట్టింది. నాట్యం మధ్యలో వరస మెల్లగా రూపు మార్చుకుంటూ పోయి, మనం గమనించే లోపలే పెళ్ళిపాట అయి కూర్చుంటుంది. మొదటిసారి వాయించినప్పుడు ఈ మలుపు దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. దీన్ని ఎవరో విమర్శకుడు మహారాణికి వివరిస్తూ, ఫలానా చోట తాగినవాడు గుడిసె తలుపు తడుతున్నాడని చెప్పాడట. గ్లింకాకు అది నచ్చలేదు. పెళ్ళిళ్ళూ, తాగుబోతులూ తన మనసులో లేవని, లోపలి సంగీత భావమే తనను నడిపించిందని రాసుకున్నాడు. ఈ మాట చాలా ముఖ్యం. అతను పల్లె బొమ్మ గియ్యలేదు, పల్లెపాటలో దాగిన సంగీత తర్కాన్ని పట్టుకున్నాడు. చైకోవ్‌స్కీ 1888లో తన డైరీలో, ఓక్ చెట్టంతా గింజలో ఉన్నట్టు రష్యన్ సింఫనీ సంగీతమంతా కమారిన్‌స్కయాలో ఉందని రాశాడు.

మీ రెండో ప్రశ్నకు ఇక్కడి నుంచే దారి. 'పొలంలో నిలిచింది బర్చ్ చెట్టు' అనే పాట రష్యాలో పిల్లలకు కూడా తెలుసు. దాన్ని 1858లో బాలకిరెవ్ 'మూడు రష్యన్ పాటల మీద ఓవర్చర్' అనే ఒకే భాగపు ఆర్కెస్ట్రా రచనలో వాడాడు. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత, 1878లో తొలిసారి వినిపించిన నాలుగో సింఫనీ చివరి భాగంలో చైకోవ్‌స్కీ వాడాడు. ఈ పాటలో పాదం కూడా మూడు బార్‌లే, అంటే ఆరు బీట్లు. జర్మన్ సంగీతానికి అలవాటుపడిన చెవి నాలుగు కోరుతుంది, మూడింటితో ఏదో తరిగినట్టు అనిపిస్తుంది. బాలకిరెవ్ మూడును మూడుగానే ఉంచాడు. ఓవర్చర్‌కు ఆ కుంటు నడకే అందం. చైకోవ్‌స్కీ ప్రతి పాదం చివర రెండు బీట్లు చేర్చి ఎనిమిది చేశాడు.

దీన్ని పట్టుకుని 'చూశారా, పాశ్చాత్య పద్ధతికి సర్దేశాడు' అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. చైకోవ్‌స్కీ అవసరం వేరు. తన పోషకురాలు నదేజ్‌దా ఫాన్ మెక్‌కు రాసిన ఉత్తరంలో ఈ భాగం గురించి, నీలో నీకు సంతోషం దొరక్కపోతే జనం మధ్యకు వెళ్ళు, వాళ్ళెలా ఆనందిస్తున్నారో చూడు అన్న అర్థంలో చెప్పాడు. అంటే పాట అతనిది కాదు, ఎదుటివాళ్ళది. అతను బయట నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి మొదటి భాగంలోని విధి పిలుపు, ఆ ఇత్తడి వాద్యాల మోత, పండగ మధ్యలోకి వచ్చి పడుతుంది. బాలకిరెవ్ ఓవర్చర్‌లో పాటే కథ. చైకోవ్‌స్కీ సింఫనీలో పాట ఒక పాత్ర. రెండు పనులూ గొప్పవే, కానీ ఒకటే పని కాదు.

ఆ ఐదుగురి గురించి క్లుప్తంగా. బాలకిరెవ్ పెద్ద దిక్కు. క్యుయి సైన్యంలో కోటల నిర్మాణ నిపుణుడు, బొరొదిన్ రసాయన శాస్త్రవేత్త, ముసోర్గ్‌స్కీ గార్డ్స్ దళం వదిలి గుమాస్తాగిరీలో చేరినవాడు, రిమ్‌స్కీ-కోర్సకోవ్ నౌకాదళ అధికారి. 1867లో స్లావ్ అతిథుల గౌరవార్థం బాలకిరెవ్ నడిపిన కచేరీ మీద సమీక్ష రాస్తూ విమర్శకుడు స్తాసోవ్ 'చిన్నదే అయినా బలమైన గుంపు' అన్నాడు, ఆ పేరు నిలిచిపోయింది. 1862లో అంతోన్ రుబిన్‌స్టైన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్సర్వేటరీ (సంగీత కళాశాల) తెరిచాడు. అదే ఏడాది బాలకిరెవ్ వర్గం ఉచిత సంగీత పాఠశాల తెరిచింది. ఈ రెండు వర్గాల మధ్య గొడవ నిజమే. కానీ వీడియోలో చూపినంత పెద్ద గోడేమీ లేదు. 1871లో రిమ్‌స్కీ-కోర్సకోవ్ వెళ్ళి అదే కన్సర్వేటరీలో ప్రొఫెసర్‌గా చేరాడు. చైకోవ్‌స్కీ 1868-69లో 50 రష్యన్ పాటల్ని పియానో మీద ఇద్దరు వాయించేలా కూర్చాడు. వాటిలో చాలావాటికి ఆధారం బాలకిరెవ్ సంకలనమే.

ఆ సంకలనం దగ్గర కాస్త ఆగుదాం. 1860 వేసవిలో బాలకిరెవ్ ఒక కవిమిత్రుడితో వోల్గా వెంట తిరిగి పాటలు రాసుకున్నాడు. 1866లో 40 పాటలు పియానో తోడుతో అచ్చయ్యాయి. పడవలు లాగే కూలీల 'ఏయ్ ఉఖ్నెమ్' లోకానికి తెలిసింది ఆ పుస్తకంతోనే. స్వరకర్త గ్లజునోవ్ 1885లో 'స్తెంకా రాజిన్' అనే ఆర్కెస్ట్రా రచనకు ఆధారంగా తీసుకున్నదీ ఆ పాటనే. బాలకిరెవ్ చేసిన అసలు మేలు స్వరాల విషయంలో ఉంది. రాగాలు తెలిసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాశ్చాత్య మైనర్ అనే స్వరక్రమంలో ముగింపుల దగ్గర నిషాదాన్ని పైకి జరుపుతారు, కీరవాణి స్వరాలు వస్తాయి. రష్యన్ పల్లెపాటల్లో చాలావాటిలో నిషాదం కిందే ఉంటుంది, నటభైరవి స్వరాలు. పాత సంకలనాలు చాలాచోట్ల పాటను కీరవాణి వైపు లాగి, పట్నం చెవికి అలవాటైన తోడు పెట్టాయి. బాలకిరెవ్ నిషాదాన్ని ముట్టుకోకుండా, దానికి సరిపోయే హార్మనీ వెతికాడు. తర్వాత బొరొదిన్, ముసోర్గ్‌స్కీ దగ్గర మీకు వినిపించే ఆ బరువైన, పాతకాలపు రంగు చాలావరకు ఇక్కడి నుంచే వచ్చింది.

అయినా ఒక పెద్ద విషయం వాళ్ళ చేతికి అందలేదు. పల్లెల్లో జనం ఒకే వరసగా పాడేవాళ్ళు కాదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు పక్కనుంచి తలా ఒక దారిలో పోయి పాదం చివర కలుసుకునేవారు. సంకలనకర్తలు ఒక్క గొంతును రాసుకుని వచ్చి కింద పియానో తోడు అల్లారు. 1879లో మెల్గునోవ్ సంకలనం ఈ పక్క గొంతుల సంగతి బయటపెట్టింది. 1890ల చివర్లో యెవ్‌గేనియా లిన్యోవా ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలకు వెళ్ళాక గాని అది సరిగ్గా వినబడలేదు. అప్పటికి మనం మాట్లాడుకుంటున్న సింఫనీలన్నీ రాయడం అయిపోయింది. పట్నంలో 'ప్రజల గొంతు' అని చప్పట్లు కొట్టిన దానిలో ప్రజలు పాడే తీరు సగమే ఉందన్నమాట.

ఇప్పుడు చైకోవ్‌స్కీ రెండో సింఫనీ. గ్లింకా పద్ధతికి కమారిన్‌స్కయా తర్వాత నేను చూపించే అత్యుత్తమ ఉదాహరణ ఆ ఐదుగురిలో ఎవరిదీ కాదు, ఇదే. 1872 వేసవిలో ఉక్రెయిన్‌లోని కమియాంకాలో, చెల్లెలి ఎస్టేటులో మొదలుపెట్టాడు. మొదటి భాగం ఒంటరి హార్న్ అనే ఇత్తడి వాద్యంతో మొదలవుతుంది, వోల్గా తల్లి పాటకు ఉక్రెయిన్ రూపం. చివరి భాగంలో 'కొంగ' అనే ఉక్రెయిన్ పాట. ఎస్టేటులో వంటా వడ్డనా చూసుకునే ప్యోతర్ గెరాసిమొవిచ్ అనే ముసలాయన పక్కనే కూనిరాగం తీస్తుండేవాడని, విజయంలో ఘనత అతనిదేనని చైకోవ్‌స్కీ తమ్ముడికి రాశాడు. మొదట ఆర్కెస్ట్రా మొత్తం ఆ వరసను కోట ద్వారంలా నిలబెడుతుంది. తర్వాత వయోలిన్లు గుసగుసలా అందుకుంటాయి. అక్కడి నుంచి అదే వరస మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ కొత్త తోడుతో. వయోలిన్ వాయించేవాళ్ళకు చాలా కష్టమైన భాగం, కానీ అంత ఆనందమూ ఉంటుంది. 1873 జనవరిలో రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఇంట్లో చైకోవ్‌స్కీ దీన్ని పియానో మీద వినిపిస్తే ఆ గుంపు అతన్ని సంతోషంతో చీల్చేసినంత పని చేసింది. పాశ్చాత్య పక్షం, జాతీయ పక్షం అన్న గీత ఆ రాత్రి ఎక్కడుందో మీరే ఆలోచించండి.

కానీ ఇదే సింఫనీ దగ్గర ఇంకో లెక్క ఉంది. దీనికి విమర్శకుడు కాష్కిన్ పెట్టిన పేరు 'మలరష్యన్'. అప్పటి సామ్రాజ్యంలో ఉక్రెయిన్‌ను అలా పిలిచేవారు. సింఫనీ తొలిసారి వినిపించిన మూడేళ్ళకు, 1876లో, ఎమ్స్ ఉత్తర్వు వచ్చింది. ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు, నాటక ప్రదర్శనలు, చివరికి స్వరాల కింద పాట మాటలు అచ్చువేయడం కూడా నిషేధం. అంటే కొంగ పాట వరస రాజధాని కచేరీ హాలులో మోగవచ్చు, ఆ పాట మాటలు మాత్రం అచ్చు కాకూడదు. ఈ మధ్య చాలా ఆర్కెస్ట్రాలు ఆ పాత పేరు మానేసి 'ఉక్రేనియన్ సింఫనీ' అంటున్నాయి. అది సరైన పనే అని నా అభిప్రాయం. చైకోవ్‌స్కీ ఆ పాటల్ని ప్రేమించాడనడంలో సందేహం లేదు. ఆ ప్రేమను సామ్రాజ్యం తన ఖాతాలో వేసుకుంది.

సామ్రాజ్యం ఇంకా స్పష్టంగా వినిపించేది బొరొదిన్ 'మధ్య ఆసియా మైదానాల్లో'. జార్ రెండో అలెగ్జాండర్ పాలనకు 25 ఏళ్ళు నిండిన సందర్భం కోసం 1880లో రాసింది. తాష్కెంట్ 1865లో, సమర్కంద్ 1868లో, ఖీవా 1873లో రష్యా చేతికి వచ్చాయి. వయోలిన్లు పైన ఒకే స్వరాన్ని సన్నగా పట్టుకుని ఉంటాయి, ఎడారి అంచులా. క్లారినెట్ మీద రష్యన్ పాట వస్తుంది. కోర్ ఆంగ్లే అనే గాలివాద్యం మీద తూర్పు పాట వస్తుంది, కింద మీటిన తంత్రుల మీద ఒంటెల నడక. చివరికి రెండు పాటలూ ఒకేసారి, ఒకదానితో ఒకటి ఇమిడిపోయి వినిపిస్తాయి. రష్యన్ సైనికుల రక్షణలో బిడారు నిర్భయంగా సాగిపోతోందని రచనకు రాసిన వివరణ చెబుతుంది. కౌంటర్‌పాయింట్ అంత అందంగా ఉండబట్టే ఆ వివరణను నమ్మబుద్ధి అవుతుంది. సంగీతాన్ని ప్రేమించండి, వివరణను మాత్రం చరిత్ర పక్కన పెట్టి చదవండి. చైకోవ్‌స్కీ '1812 ఓవర్చర్' గురించి ఎక్కువ చెప్పను. 1880లో రాశాడు. అందులో మోగే 'దేవుడు జార్‌ను కాపాడుగాక' 1833లో కట్టిన గీతం, నెపోలియన్ వచ్చిననాడు అది లేనే లేదు.

వినే వరుస నేనైతే ఇలా చెబుతాను. ముందు కమారిన్‌స్కయా, రెండుసార్లు. రెండోసారి పాటను వదిలేసి, పాట చుట్టూ ఏం మారుతోందో వినండి. వెంటనే బాలకిరెవ్ 1858 ఓవర్చర్, ఆ తర్వాత చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ చివరి భాగం. బర్చ్ చెట్టు పాట వచ్చినప్పుడు తొడ మీద బీట్లు లెక్కపెట్టండి, ఆరూ ఎనిమిదీ మీకే తెలిసిపోతాయి. తర్వాత రెండో సింఫనీ, బొరొదిన్. చివరగా ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకు రాసిన 'ప్రదర్శనలో చిత్రాలు', రవేల్ 1922లో ఆర్కెస్ట్రాకు మార్చిన రూపం. దాని మొదటి వరస ఏ పల్లె నుంచీ తెచ్చింది కాదు, ముసోర్గ్‌స్కీ సొంతం. అయిదు బీట్లు, ఆరు బీట్లు మార్చి మార్చి నడుస్తుంది. ముందు ఒక్క గొంతు, వెనకే గుంపు. పాట అరువు తెచ్చుకోకుండా కూడా పల్లెపాట పద్ధతిలో ఎలా ఆలోచించవచ్చో ఆ మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

రెండో సింఫనీ కొనేటప్పుడో, ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడో ఒక జాగ్రత్త. 1879-80లో చైకోవ్‌స్కీ దీన్ని తిరగరాశాడు, మొదటి భాగం దాదాపు కొత్తదే. రికార్డింగుల్లో ఎక్కువగా దొరికేది ఆ సవరించిన రూపం. 1872 రూపం కూడా కొందరు రికార్డు చేశారు. అది పొడుగైనది, బరువైనది. రెండూ దొరికితే ముందు 1880 రూపం వినండి, నచ్చాక పాతదాని మొదటి భాగం వినండి.